ఇంజిన్ పని చేయించాక కూడా కంప్రెషన్ తక్కువుందా? హెడ్ మళ్ళీ దించే ముందు ఇలా చూసుకోండి

“ఇంజిన్ పని చేయించి నెల కాలేదు. పికప్ లేదు, పొద్దున స్టార్ట్ కావాలంటే సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి. మెకానిక్ గేజ్ పెట్టి చూసి కంప్రెషన్ లేదన్నాడు, మళ్ళీ హెడ్ దించాలంటున్నాడు. దించనివ్వాలా?”

ఓమ్ని, ఈకో వ్యాన్లు నడిపేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి. హెడ్ అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే, వాల్వులు ఉండే భాగం. స్కూళ్ళు తెరిచే ముందో, పెళ్ళిళ్ళ సీజన్ ముందో, రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర ముందో హడావుడిగా ఇంజిన్ పని చేయించుకుంటారు. బండి బయటికొచ్చిన పదిహేను రోజులకు టెన్షన్ మొదలవుతుంది. లేత్ వాళ్ళు (బోరు, హెడ్ మెషిన్ మీద సరిచేసేవాళ్ళు) మెకానిక్‌ను అంటారు, మెకానిక్ లేత్ వాళ్ళను అంటాడు, మధ్యలో కిరాయిలు పోయేది మీవి.

జవాబు సూటిగా చెప్తాను. ఇప్పుడే దించనివ్వకండి. కొత్తగా పని చేసిన ఇంజిన్‌లో గేజ్ తక్కువ చూపిస్తే కారణం చాలాసార్లు హెడ్ దించకుండానే దొరుకుతుంది. బ్యాటరీ డౌన్ కావచ్చు, టాపెట్లు (వాల్వులను నొక్కే భాగాలు) బిగుతుగా ఉండొచ్చు, టైమింగ్ (వాల్వులు తెరిచి మూసే వేళ) ఒక పన్ను జరిగి ఉండొచ్చు, గేజే సరిగా లేకపోవచ్చు. ఇవన్నీ ఒక పూటలో చూసేయొచ్చు. హెడ్ దించితే మాత్రం కొత్త గాస్కెట్ (హెడ్ కింద లీకు ఆపే పొర), కొత్త ఆయిల్, కూలెంట్, రెండు మూడు రోజులు బండి మూల. పైగా ఏం వెతుకుతున్నారో తెలియకుండా విప్పితే, అసలు లోపం ఎక్కడుందో చెప్పే ఆధారాలు కూడా విప్పడంలోనే చెరిగిపోతాయి.

ఇక్కడ చెప్పేది పెట్రోలు, ఎల్పీజీ, సీఎన్జీ మీద నడిచే వ్యాన్ల గురించి. డీజిల్ బండ్ల సంగతి చివర్లో విడిగా ఉంది, వాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళండి.

కావలసినవి

• పెట్రోలు ఇంజిన్‌కు వాడే కంప్రెషన్ గేజ్, 0 నుంచి 300 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) వరకు చూపించేది. ప్లగ్ రంధ్రంలో మరతో బిగించే రకమే తీసుకోండి. చేత్తో అదిమి పట్టుకునే రబ్బరు కోన్ రకం వ్యాన్లకు పనికిరాదు. సీటు కింద ఇరుకులో దాన్ని ఒకేలా అదమడం ఎవరివల్లా కాదు.
• ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి పట్టీలు), ఒక సిరంజి, కొంచెం ఇంజిన్ ఆయిల్
• పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ
• కాగితం, పెన్ను
• సాయానికి ఒక మనిషి
• తర్వాతి దశకు గాలి కంప్రెసర్. సొంతంగా లేకపోతే పంక్చర్ షాపు దగ్గరే పని పెట్టుకోండి.

గేజ్ కొనాలని లేదు. వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్ళలో స్పేర్ పార్ట్స్ షాపు వాళ్ళో, తెలిసిన మెకానిక్కో ఒక పూటకు ఇస్తారు. తెచ్చుకున్నాక ఒకటి తప్పకుండా చూడండి. గేజ్ పైపు చివర, ట్యూబులో ఉండేలాంటి చిన్న వాల్వ్ పిన్ను ఉంటుంది. అది పోతే కొందరు మామూలు టైర్ పిన్ను తెచ్చి వేస్తారు. టైర్ పిన్ను స్ప్రింగు గట్టిది. అది వేసిన గేజ్ మంచి ఇంజిన్‌ను కూడా చెడ్డదని చెప్తుంది. అనుమానం ఉంటే బాగా నడుస్తున్న వేరే బండికి అదే గేజ్ పెట్టి చూడండి. అక్కడా తక్కువే చూపిస్తే మీ ఇంజిన్ తప్పు కాదు.

1. బండిని వేడి చేయండి, బ్యాటరీ చూడండి

ఇంజిన్ మామూలుగా నడిచే వేడికి రావాలి. పది, పదిహేను నిమిషాలు రోడ్డు మీద తిప్పుకొస్తే చాలు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగులు పూర్తిగా వ్యాకోచించవు కాబట్టి రీడింగ్ తక్కువొస్తుంది. బండి అసలు స్టార్టే కాకపోతే చల్లగానే చూడండి, కానీ కాగితం మీద “చల్లగా” అని రాసుకోండి.

సెల్ఫ్ నిదానంగా తిరిగితే గేజ్ ముల్లు పైకి పోదు. మల్టీమీటర్ ఉంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూసుకోండి, లేదా వేరే బండి బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు పెట్టండి. ఇంజిన్ పని చేసేటప్పుడు విప్పిన ఎర్త్ వైరును పెయింట్ మీదో తుప్పు మీదో బిగించినా సెల్ఫ్ ఇలాగే మూలుగుతుంది. దాన్ని విప్పి, గీకి, మళ్ళీ బిగించండి.

2. పెట్రోలు, స్పార్క్ రెండూ ఆపండి

ఈ మెట్టు దాటవేయొద్దు. ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొడితే రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. కాయిల్ వైరు వేలాడుతుంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎంపీఎఫ్ఐ బండి (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం) అయితే ఫ్యూయల్ పంప్ ఫ్యూజో రిలేనో తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. తర్వాత ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు తీయండి. పాత కార్బురేటర్ ఓమ్ని అయితే కాయిల్‌కు వచ్చే కరెంటు వైరు తీసి పక్కన పెట్టండి. గ్యాస్ బండి అయితే గ్యాస్ సిలిండర్ దగ్గరే వాల్వ్ కట్టేసి, పైపులో మిగిలిన గ్యాస్ అయిపోయేదాకా నడపండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ వద్దు. చూడ్డానికి నలుగురు చేరతారు, వాళ్ళకూ చెప్పండి.

3. ప్లగ్గులన్నీ తీయండి

చూసే సిలిండర్ ప్లగ్ ఒక్కటే తీసి, మిగతావి ఉంచేస్తుంటారు. అలా చేస్తే మిగతా సిలిండర్ల ఒత్తిడి సెల్ఫ్ మీద పడి ఇంజిన్ నిదానంగా తిరుగుతుంది. అన్నీ తీయాలి.

తీసే ముందు ప్లగ్గుల చుట్టూ గాలి కొట్టించండి. మన రోడ్ల దుమ్మంతా సీటు కింద ఇంజిన్ మీదే చేరుతుంది. ఆ ఇసుక ప్లగ్ రంధ్రంలోంచి కొత్త బోరులో (పిస్టన్ కదిలే గొట్టంలో) పడితే, లేని రోగం తెచ్చుకున్నట్టే. తీసిన ప్లగ్గులను వరసగా పెట్టండి, ఏది ఏ సిలిండర్‌దో తెలియాలి. ఒకటి ఆయిల్‌తో తడిసి నల్లగా ఉండి మిగతావి ఇటుక రంగులో ఉంటే, ఆ సిలిండర్ మీద కన్నేసి ఉంచండి.

4. యాక్సిలేటర్ పూర్తిగా తొక్కించి సెల్ఫ్ కొట్టండి

గేజ్‌ను చేత్తోనే బిగించండి, స్పానర్ వద్దు. అడాప్టర్ మర పొడవు మీ ప్లగ్ మరకు మించకూడదు. మించితే లోపల పిస్టన్‌కో వాల్వ్‌కో తగులుతుంది.

సాయం ఉన్న మనిషిని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలేటర్ నేలకు తొక్కి పట్టమనండి. తొక్కకపోతే గాలి లోపలికే పోదు, ఇక నొక్కడానికి ఏముంటుంది? రీడింగ్ తక్కువ వచ్చిందని వచ్చే ఫిర్యాదుల్లో ఇది చాలా మామూలు కారణం. కార్బురేటర్ బండి అయితే చోక్ కూడా పూర్తిగా తెరిచి ఉండాలి.

ఇప్పుడు ఆరేడు సార్లు “టప్, టప్” అని వినిపించేదాకా సెల్ఫ్ కొట్టించండి. మీ కన్ను ముల్లు మీదే ఉండాలి, ఎందుకంటే చివరికి ఎంత చూపించిందనే దానికంటే ఎలా ఎక్కిందనేది ఎక్కువ చెప్తుంది.

మంచి సిలిండర్‌లో మొదటి దెబ్బకే ముల్లు సగం పైకి ఎగురుతుంది, మూడు నాలుగు దెబ్బల్లో పైకి చేరి నిలబడుతుంది. రింగుల దగ్గర లీకైతే మొదటి దెబ్బ తక్కువగా ఉండి, తర్వాత మెట్లు ఎక్కినట్టు కొంచెం కొంచెంగా పైకి పోతుంది. వాల్వ్ లీకైతే మొదటి దెబ్బా తక్కువే, తర్వాత కూడా పెద్దగా పెరగదు. మొదటి దెబ్బకు ఎంత, చివరికి ఎంత, రెండూ రాసుకోండి. ప్రతి సిలిండర్‌కూ అన్నే దెబ్బలు, అదే గేజ్.

5. అంకెలు చదవడం

ముందు కొలమానం చూసుకోండి. కొన్ని గేజ్‌ల మీద కిలోలు (చదరపు సెంటీమీటరుకు), కొన్నిటి మీద పీఎస్ఐ, కొన్నిటి మీద బార్ ఉంటుంది. కిలో అంటే సుమారు 14.2 పీఎస్ఐ, బార్ అంటే 14.5. మెకానిక్ “పది ఉంది” అంటే 10 కిలోలు, అంటే 142 పీఎస్ఐ అని.

ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్ సాధారణంగా 150 నుంచి 190 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది. మీ ఇంజిన్‌కు కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి. 120 కంటే దిగితే స్టార్టింగ్, పికప్ రెండూ దెబ్బతింటాయి. గేజ్‌కూ గేజ్‌కూ తేడా ఉంటుంది కాబట్టి సిలిండర్ల మధ్య తేడా చూడటమే ముఖ్యం. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె మీద 15 శాతానికి మించి ఏదీ తగ్గకూడదు. పైది 170 అయితే, మిగతావి సుమారు 145 పైన ఉండాలి.

మూడు సిలిండర్ల ఓమ్నిలో ఇలా వచ్చిందనుకోండి:

• 165, 160, 95: లోపం మూడో సిలిండర్‌లోనే. టాపెట్, వాల్వ్, రింగు, ఈ మూడిట్లో ఒకటి.
• 165, 100, 100: పక్కపక్క సిలిండర్లు రెండూ సమానంగా పడిపోయాయి. వాటి మధ్య హెడ్ గాస్కెట్‌ను అనుమానించండి.
• 115, 118, 112: అన్నీ సమానంగా తక్కువ. మూడు సిలిండర్లూ ఒకేసారి, ఒకేలా పాడవడం అరుదు. టైమింగ్, సెల్ఫ్ వేగం, తొక్కని యాక్సిలేటర్, ఇంకా కుదురుకోని రింగులు, లేదా వేరే మోడల్ పిస్టన్లు, ఈ వరసలో చూడండి.
• 165, 160, 215: ఎక్కువొచ్చిందని సంతోషపడకండి. ఆ సిలిండర్‌లోకి ఆయిల్ ఎక్కుతోంది, లేదా కార్బన్ పేరుకుంది.

6. టాపెట్లు చూడండి

నన్నడిగితే, కొత్తగా పని చేసిన ఇంజిన్‌లో మొదటి ముద్దాయి ఇదే. ఇంజిన్ చేతికొచ్చాక మనం చేసే మొదటి ఫిర్యాదు ఏంటి? “అన్నా, టాపెట్ సౌండ్ వస్తోంది.” మన నోరు మూయించడానికి మెకానిక్ టాపెట్లు బిగిస్తాడు. సౌండ్ పోతుంది, దాంతోపాటు కంప్రెషన్ కూడా పోతుంది. గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది. సన్నగా టిక్‌టిక్ మనే ఇంజిన్‌తో భయం లేదు. చప్పుడే లేని ఇంజిన్‌నే చూసుకోవాలి.

గ్యాస్ బండ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఎల్పీజీ, సీఎన్జీ పొడి ఇంధనాలు. పాత ఇంజిన్లలో మెత్తటి వాల్వ్ సీట్లు వీటితో త్వరగా అరిగి, వాల్వ్ పైకి ఎక్కిపోతుంది. గ్యాప్ దానంతటదే తగ్గిపోతుంది. పెట్రోలు బండి కంటే తరచుగా చూపించుకోవాలి.

చూసే పద్ధతి: ఆ సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ మీద పైకి వచ్చి ఉండాలి, రెండు వాల్వులూ మూసి ఉండాలి. ఫీలర్ గేజ్ పట్టీ కొద్దిగా పట్టు తగులుతూ జారాలి. ఎంత గ్యాప్ ఉండాలన్నది మాన్యువల్ ప్రకారం చేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పటి కొలత వేరు, వేడిగా ఉన్నప్పటి కొలత వేరు. వేడి ఇంజిన్‌కు చల్లని కొలత పెట్టేయడం రోజూ జరిగే పొరపాటు. 2022 చివర్లో కె సిరీస్ ఇంజిన్‌తో వచ్చిన ఈకోలో స్క్రూ తిప్పి సరిచేసే ఏర్పాటు ఉండదు. గ్యాప్ తేడా ఉంటే సరైన మందం ఉన్న టాపెట్ మార్చాల్సిందే.

సరిచేశాక మళ్ళీ గేజ్ పెట్టండి. రీడింగ్ సరిపోతే మీ పని అయిపోయింది.

7. టైమింగ్ మార్కులు

అన్ని సిలిండర్లూ సమానంగా తక్కువుంటే ముందు ఇక్కడికి రండి. టైమింగ్ బెల్ట్ ఒక పన్ను అటూ ఇటూ అయితే వాల్వ్ మూసుకోవాల్సిన వేళకు మూసుకోదు. ఇంటేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటే, లోపలికొచ్చిన గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బండి నడుస్తుంది, కానీ చిన్న ఎత్తు కూడా సెకండ్ గేర్‌లో ఎక్కుతుంది.

కవర్ తీసి, క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, మార్కులు కలుస్తున్నాయా చూడండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే రెండు. పుల్లీ మార్కును నమ్మలేకపోతే, ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో కూల్‌డ్రింక్ స్ట్రా పెట్టి తిప్పండి. అది ఎక్కువగా పైకి లేచిన చోట పిస్టన్ పైన ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ పెట్టకండి. అడ్డంపడితే పిస్టన్ మీద గీత పడుతుంది. పుల్లీ కీ అరిగినా మార్కులు అబద్ధం చెప్తాయి.

8. ఆయిల్ పోసి రెండోసారి

ఇంకా ఏదో ఒక సిలిండర్ తక్కువే ఉందా? సిరంజితో ఆ సిలిండర్‌లో ఒక టీ చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, ఇంజిన్ ఆయిల్ పోయండి. గేజ్ లేకుండా రెండు మూడు తిప్పులు తిప్పి ఆయిల్‌ను గోడలకు పట్టించి, అప్పుడు గేజ్ పెట్టండి.

95 ఉన్నది 140కి పోతే గాలి రింగుల దగ్గర నుంచి పోతోంది. ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. 95 ఉన్నది 100 దగ్గరే ఆగితే వాల్వో గాస్కెట్టో.

“ఎక్కువ పోస్తే బాగా తెలుస్తుంది” అని సగం గ్లాసు పోసేవాళ్ళున్నారు. అప్పుడు ఆయిల్ స్థలం ఆక్రమించి ఏ ఇంజిన్‌కైనా రీడింగ్ పెరుగుతుంది, మీకు తెలిసేది ఏమీ ఉండదు. మరీ ఎక్కువైతే పిస్టన్‌కు అడ్డం పడి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి ఉండే బండ్లలో ఆయిల్ కిందివైపే చేరుతుంది కాబట్టి ఈ పరీక్ష ఫలితం సూచన మాత్రమే, తీర్పు కాదు. తీర్పు కింది మెట్టులో వస్తుంది.

9. గాలి పట్టించి వినండి

నా లెక్కలో అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఇది, మన దగ్గర దీన్ని చేసేవాళ్ళే తక్కువ. పెద్ద సామాను కూడా అక్కర్లేదు. కంప్రెషన్ గేజ్ పైపు చివర వాల్వ్ పిన్ను తీసేసి, ఆ పైపును ప్లగ్ రంధ్రంలో బిగించి, రెండో చివర కంప్రెసర్ గొట్టం తగిలిస్తే చాలు. ఆ పైపు కుదరకపోతే పాత ప్లగ్‌లోని తెల్ల పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ లోహపు గుల్లకు ట్యూబ్‌లెస్ టైర్ ఇత్తడి వాల్వ్ అతికించి ఇమ్మని వెల్డింగ్ షాపులో అడగండి. దానికీ పిన్ను తీసేయాలి. పని అయ్యాక గేజ్ పైపుకు పిన్ను మళ్ళీ పెట్టడం మర్చిపోకండి. పిన్ను లేని గేజ్ ముల్లు నిలబడకుండా ఊగుతుంది.

ఆ సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో సరిగ్గా పైన ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, టాప్ గేర్‌లో ఉంచండి. పిస్టన్ ఏ కాస్త పక్కకు ఉన్నా గాలి ఒత్తిడికి క్రాంక్ గిర్రున తిరుగుతుంది. పుల్లీ మీద స్పానర్ వదిలేసి ఉంటే అది ఎగిరొచ్చి చేతికి తగులుతుంది. స్పానర్ తీసేశాకే గాలి వదలండి, ఫ్యాన్ బెల్ట్ దగ్గర చేతులు పెట్టకండి. 60 నుంచి 80 పీఎస్ఐ చాలు.

ఇప్పుడు కంప్రెసర్ మోటారు ఆపించి, చెవి పెట్టండి.

• సైలెన్సర్ గొట్టంలో బుస్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వ్.
• ఎయిర్ ఫిల్టర్ తీసిన చోట వినిపిస్తే ఇంటేక్ వాల్వ్.
• ఆయిల్ పోసే మూత తీస్తే, లేదా డిప్‌స్టిక్ గొట్టంలోంచి గాలి కొడితే రింగులు. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే.
• రేడియేటర్ మూత తీసి చూస్తే బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్, లేదా పగిలిన హెడ్. ఈ మూత మాత్రం ఇంజిన్ చల్లారాకే తీయండి.
• పక్క సిలిండర్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి వస్తే రెండు సిలిండర్ల మధ్య గాస్కెట్.

ఆయిల్ మూత దగ్గర సన్నటి సుయ్ శబ్దం ప్రతి ఇంజిన్‌లోనూ ఉంటుంది. రింగులకు సందు ఉంటుంది కదా, అది మామూలే. మూత దగ్గర పెట్టిన పల్చటి గుడ్డ పటపట కొట్టుకునేంత గాలి వస్తే మామూలు కాదు. మిగతా మూడు చోట్ల, అంటే రేడియేటర్, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ దగ్గర, స్పష్టంగా శబ్దం వినిపించకూడదు. లీక్ డౌన్ టెస్టర్ దొరికితే శాతం కూడా తెలుస్తుంది. 7 కిలోలు పంపితే 6.3 నిలబడిందంటే 10 శాతం లీకు, అది మంచి ఇంజిన్. 20 దాటితే పని ఉన్నట్టే.

10. లీకు రింగుల దగ్గరే అని తేలితే, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి

బోరు చేయించి, కొత్త రింగులు వేశాక అవి గోడకు కుదురుకోవడానికి 500 నుంచి 1000 కిలోమీటర్లు పడుతుంది. 150 కిలోమీటర్లు తిరిగిన బండిలో 130 చూపిస్తే, పొగ లేకపోతే, తొందరపడకండి. నడిపి మళ్ళీ చూడండి. అంకె పెరుగుతుంటే వదిలేయండి.

నడిపే తీరు కూడా ముఖ్యం. “ఇంజిన్ టైట్‌గా ఉంది, ఫ్రీ కావాలి” అని షెడ్డులో గంటల తరబడి స్లోలో వదిలేయడం మన దగ్గర పాత అలవాటు. కొత్త రింగులకు అంతకంటే చెడు లేదు. రింగులను గోడకు అదిమేది సిలిండర్‌లోని ఒత్తిడే. స్లోలో ఆ ఒత్తిడి ఉండదు. ఆయిల్ కాలి గోడ మీద గాజులాంటి పూత పడుతుంది, తర్వాత రింగులు ఇక ఎప్పటికీ పట్టవు. పద్ధతిగా చేయాలంటే రద్దీ లేని వేళ ములుగు రోడ్డో పరకాల రోడ్డో ఎక్కి, మూడో గేర్‌లో 30 నుంచి 50 దాకా గట్టిగా యాక్సిలేటర్ ఇచ్చి, తర్వాత పూర్తిగా వదిలి బండిని దానంతటదే నెమ్మదించనివ్వండి. ఇలా పది, పదిహేను సార్లు. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఫుల్ లోడ్, ఏసీ వేసి ఎత్తులెక్కడం వద్దు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకెళ్ళడానికి ఇది సమయం కాదు. వెయ్యి దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి, టాపెట్లు మళ్ళీ చూపించండి. గాస్కెట్, వాల్వులు కుదురుకున్నాక గ్యాప్ మారుతుంది.

1000 దాటినా అంకె పెరగకపోతే, ఆయిల్ తగ్గుతూ నీలి పొగ వస్తుంటే, అప్పుడు విప్పక తప్పదు.

11. విప్పేటప్పుడు మీరు అక్కడే ఉండండి

హెడ్ దించాక తుడవడానికి గుడ్డ తీసే ముందే చూడాల్సినవి ఉన్నాయి. పాత గాస్కెట్ మీద రెండు రంధ్రాల మధ్య నల్లటి చార ఉందా? ఫోటో తీసుకోండి. గాస్కెట్లు రెండు వేశారా? హెడ్ ఫేసింగ్ (అడుగు చదును) చేయించాక “ఎత్తు సరిపోవాలి” అని రెండు వేసే వాళ్ళున్నారు. అప్పుడు కంప్రెషన్ అన్ని సిలిండర్లలో సమానంగా పడిపోతుంది.

వాల్వుల పరీక్ష: హెడ్‌ను తిరగేసి, ప్లగ్గులు బిగించి, గుంటల్లో కిరోసిన్ పోయండి. ఐదు నిమిషాల్లో పోర్టులు తడిస్తే ఆ వాల్వ్ కూర్చోవడం లేదు, గ్రైండింగ్ పేస్టుతో మళ్ళీ నూరాలి. హెడ్ వంపు చూడటానికి స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, ఐమూలగా కూడా పెట్టి, కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ దూరుతుందా చూడండి. దూరితే ఫేసింగ్‌కు పంపాలి.

రింగుల దగ్గర జరిగే అసలు పొరపాటు సైజుది. లేత్ వాళ్ళు 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుకు (అసలు కొలత కంటే పెద్దగా) బోరు చేస్తారు, షాపులో 0.25 రింగులు ఇస్తారు. తేడా పావు మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ రింగు చుట్టుకొలతలో అది సుమారు 0.8 మిల్లీమీటర్లు. మూతి దగ్గర సందు అంత పెరుగుతుంది. పరీక్ష సులువు: పిస్టన్ నుంచి రింగు తీసి, ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, మూతి సందులో ఫీలర్ పెట్టండి. మాన్యువల్ లేనప్పుడు బోరు కొలతను 0.004తో హెచ్చిస్తే ఉజ్జాయింపు వస్తుంది. ఓమ్ని 796 సీసీ ఇంజిన్ స్టాండర్డ్ బోరు 68.5 మిల్లీమీటర్లు, అంటే సుమారు 0.27. మీకు 1 మిల్లీమీటరు వస్తే రింగులు తప్పు సైజు, వాదన అక్కడితో అయిపోతుంది. పిస్టన్ నెత్తి మీద ఓవర్‌సైజు అంకె ఉంటుంది, దాన్నీ ఫోటో తీయండి.

రింగు మీద గుర్తు లేదా అక్షరం ఉన్న వైపు పైకి ఉండాలి, తిరగేస్తే ఆయిల్ పైకి ఎక్కుతుంది. “రింగు మూతులన్నీ ఒకే వరసలోకి వచ్చాయి, అందుకే కంప్రెషన్ పోయింది” అనే మాట మాత్రం నేను పెద్దగా నమ్మను. ఎక్కించేటప్పుడు వాటిని దూరదూరంగా పెట్టాల్సిందే, కానీ నడుస్తుంటే రింగులు వాటంతటవే తిరుగుతుంటాయి.

బోరు గోడ మీద ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలు కనిపించాలి. అద్దంలా మెరుస్తుంటే మళ్ళీ హోనింగ్ (రాతితో ఆ గీతలు గీయించడం) కావాలి. హోనింగ్ చేశాక బోరును సబ్బు, వేడినీళ్ళతో బ్రష్ వేసి కడగమని పట్టుబట్టండి. పెట్రోలు, కిరోసిన్ ఆ సన్నటి రాతి పొడిని పూర్తిగా తీయవు. తెల్ల గుడ్డకు ఆయిల్ అద్ది తుడిస్తే బూడిద రంగు అంటకూడదు. వెంటనే ఆయిల్ పట్టించాలి, లేకపోతే తుప్పు.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచే స్పానర్) తప్పనిసరి, మధ్యలోంచి బయటికి, రెండు మూడు విడతల్లో. బోల్టు రంధ్రాల్లో నీళ్ళో ఆయిలో నిలిచి ఉంటే గాలి కొట్టించి తీయండి. ఆ ద్రవం అడ్డంపడి రెంచ్ క్లిక్‌మంటుంది, హెడ్ మాత్రం బిగియదు.

ఇవన్నీ తేదీ, కిలోమీటర్లు, రీడింగులతో ఒక కాగితం మీద రాసి, మెకానిక్‌కు ఒక కాపీ ఇవ్వండి. లేత్ బిల్లులో బోరు సైజు రాయించుకోండి. ఎవరి ఖర్చుతో మళ్ళీ చేయాలన్న మాట వచ్చినప్పుడు గొంతు పెంచనక్కర్లేదు.

డీజిల్ బండ్లవాళ్ళకు

టాటా ఏస్, మ్యాజిక్ లాంటి డీజిల్ బండ్లకు పెట్రోలు గేజ్ పెట్టకండి. డీజిల్ ఇంజిన్ 350 నుంచి 450 పీఎస్ఐ దాకా కొడుతుంది, 300 గేజ్ పగిలి ముల్లు, అద్దం మొహం మీదికి రావచ్చు. 1000 పీఎస్ఐ గేజ్, గ్లో ప్లగ్ రంధ్రానికో ఇంజెక్టర్ రంధ్రానికో సరిపోయే అడాప్టర్ కావాలి. డీజిల్ సరఫరా ఆపేయాలి, లేకపోతే పరీక్షలోనే మండుతుంది. యాక్సిలేటర్ తొక్కాల్సిన పనిలేదు. ఆయిల్ పోసి చూసే పరీక్ష వీటికి వద్దు. పిస్టన్ పైన మిగిలే చోటు చాలా తక్కువ, కొంచెం ఎక్కువ పోసినా రాడ్ వంగుతుంది. గాలి పట్టించి వినే పరీక్ష మాత్రం అలాగే చేయొచ్చు. ఏస్ పాత ఇంజిన్‌లో ఉన్నవి రెండే సిలిండర్లు, పోల్చడానికి పక్కది ఒక్కటే. రెండూ సమానంగా పడిపోతే పోలిక ఏమీ చెప్పదు, మాన్యువల్ అంకే దిక్కు. ఇంజెక్టర్ విప్పితే కింద రాగి వాషర్ కొత్తది వేయండి. పాతదే బిగిస్తే గాలి అక్కడి నుంచే పోతుంది, మళ్ళీ కంప్రెషన్ లేదంటారు.